పిలిస్తే పలకకూడదు

మా మేనమామ పోయారని మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గడియారం చూశాను. సరిగ్గా రాహుకాలం. ఆ వేళలో కొత్త అగ్గిపెట్టె కూడా విప్పని మనిషి!

శ్రీకాళహస్తిలో ఆయనది పాటల క్యాసెట్లు నింపిచ్చే అంగడి. సీడీలొచ్చాక కంప్యూటర్ కొని అదీ నేర్చుకున్నారు. మొరాయించిన కంప్యూటర్‌ను "ఏం నాయనా, అలిగినావా?" అని బుజ్జగించేవారు. మీలో ఎవరైనా ఆ అంగడి గడప తొక్కి ఉంటే వినే ఉంటారు. "ఏది పనిచెయ్యకపోయినా ముందు ప్లగ్గు సూడప్పా" అన్నది నాకు ఆయన చెప్పిన తొలి పాఠం. నాకు తెలిసిన కంప్యూటర్ విద్యంతా ఆయన పెట్టిన భిక్షే.

అప్పటికే పోయిన మా అవ్వ గొంతు ఒక్క పాత క్యాసెట్‌లోనే మిగిలింది. మామ తొలిసారి టేప్‌రికార్డర్ కొన్నప్పుడు తన తల్లి ముందు పెట్టి పట్టిన మాటలవి. టేపు బాగా నలిగిపోయింది. ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అయితే అందులో ఏది రికార్డు చేసినా అడుగున గుర్రుమని మోత. శబ్దాన్ని నడిపించే సౌండ్ డ్రైవర్ ప్రోగ్రామ్ పాతబడిందని, తిరుపతి నుంచి కొత్తది సీడీలో తెచ్చారు.

కొత్త డ్రైవర్ సగం ఎక్కిందో లేదో, ఆయన చూపు గోడ క్యాలెండర్ మీద పడింది. "అయ్యయ్యో, రాహుకాలం వచ్చేసినాదప్పా!" అంటూ, నేను అడ్డుపడేలోపే ప్లగ్గు పీకేశారు. మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ మూగబోయింది. ఆ మోత కూడా లేదు. నాకు భయమేసింది. "యాడికీ పోదులే, మంచి గడియ రానీ" అన్నారు గానీ, మాటిమాటికీ గడియారం చూస్తూనే ఉన్నారు.

రాహుకాలం దాటాక, సగం ఎక్కినదాన్ని తీసేసి మొదటినుంచి ఎక్కించాం. స్పీకర్లు పలికాయి, మోత మాత్రం పోలేదు. ఇక ఆగలేక టేపు వేశారు. మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. కంప్యూటర్‌కు తగిలించిన మైకు తీయడం మరిచిపోయాం.

"సిన్నోడా, బువ్వ తిన్నావా?" అంది అవ్వ.

"తిన్నానమ్మా" అన్నారు మామ, స్పీకర్ల వైపే చూస్తూ. వెంటనే అమ్మ వైపు తిరిగి, "సెల్లీ, ఇనపడతా ఉండాదా?" అన్నారు. అమ్మ తలూపిందంతే. కాసేపటికి టేపు తెగిపోయింది.

నేను రికార్డింగ్ ఆపాకే అమ్మ నోరు విప్పింది. "పోయినోళ్లు పిలిస్తే పలక్కూడదని నువ్వే సెప్తావు గదన్నా. యాల పలికితివి?"

"అమ్మ గొంతమ్మా. పలక్కుండా ఎట్టుండేది?"

ఆ తర్వాత ఆయన దాన్ని మళ్లీ వినలేదు, మమ్మల్ని విననివ్వలేదు.

దినాలయ్యాక అమ్మా నేనూ అంగడి తెరిచి కంప్యూటర్‌లో ఆ రికార్డింగ్ పెట్టాం. అవ్వ అడిగింది. మామ పలికారు. తర్వాత, పక్కనే కూర్చున్నట్టు, "సెల్లీ, ఇనపడతా ఉండాదా?"

అమ్మ పెదవులు కదిలాయి. గబుక్కున కొంగు నోట్లో కుక్కుకుంది. స్పీకర్లలో ఆ మోత సాగుతూనే ఉంది.