అన్నయ్యకి తీసుకెళ్లిన దానిమ్మ రసం

మొన్న మా అమ్మాయి తన స్నేహితురాలి పెళ్లికి బెంగళూరు వెళ్తుంటే విమానం ఎక్కించడానికి శంషాబాద్ వెళ్లాను. ఇంకా సమయం ఉందని టెర్మినల్ బయట కొట్లో నాకో గ్లాసు దానిమ్మ రసం కొనిచ్చింది. "తాగండి నాన్నా, గుండెకి మంచిదట" అంది. బిల్లు చూస్తే ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ ఒకపూట హోటల్లో భోంచేయొచ్చు. ఒక గుక్క తాగాను. ముందు తీపి, దాని వెనకే కాస్త పులుపు, చివర్లో నాలుక అంచుల్ని పట్టుకుని వదలని వగరు. రెండో గుక్క తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశాను. ధర చూసి బాధపడుతున్నాననుకుని అమ్మాయి నవ్వింది. అలాగే అనుకోనిచ్చాను.

కొత్త విమానాశ్రయం తెరిచిన రోజుల్లో మా అన్నయ్య గుంటూరు నుంచి వచ్చి శంషాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం పెట్టాడు. చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి, ప్రతి ఇంటికీ వైర్లూ స్విచ్చులూ కావాలి కదా అని అతని లెక్క. ఆ లెక్క తప్పలేదు. నేను అప్పటికే విమానాశ్రయం పక్కన సరుకు రవాణా ఆఫీసులో అకౌంట్లు చూస్తున్నాను. అన్నదమ్ములం ఇద్దరమే; అమ్మానాన్నా పోయారు. ఆదివారాలు మా ఆవిడా పిల్లలతో సహా అతనింట్లోనే భోజనం. వదిన పప్పులో మామిడికాయ వేస్తే ముక్కల కోసం ఇద్దరం చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్లం. వయసులో పెద్దవాడు కాబట్టి టెంకె అతనిది. అది ఇంటి చట్టం.

మూడేళ్లు గడిచాక అతని కాళ్లు వాచాయి. ఎండలో తిరగడం వల్లేనన్నాడు. ఆస్పత్రిలో మాత్రం రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. అప్పటి నుంచి రోజు విడిచి రోజు సిటీకి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని రావాలి. ఎవరైనా కిడ్నీ ఇస్తే మళ్లీ మామూలు మనిషి కావచ్చన్నారు. వదినకి షుగరు, ఆమెది పనికిరాదన్నారు. ఇక మిగిలింది నేను. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. ఒక్కసారి మాత్రం వదిన ఫోన్ చేసి, "అబ్బాయ్, వీలు చూసుకుని ఒకసారి మాతో ఆస్పత్రికి వస్తావా? డాక్టరు గారు నీతో మాట్లాడాలంటున్నారు" అంది. ఆడిట్ నడుస్తోంది, వచ్చే వారం వస్తానన్నాను. ఆడిట్ నిజమే. కానీ అది అయిపోయాక కూడా వెళ్లలేదు. పిల్లలు చిన్నవాళ్లు కదా, నాకేమైనా అయితే ఎలా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. మా ఆవిడ ఒక్కనాడూ వద్దనలేదు. అడ్డుపడితే బాగుండునని లోపల ఎదురుచూసేవాణ్ని కూడా.

వెళ్లకుండా ఉండటం అలవాటయ్యాక, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలనిపించింది. ఆఫీసులో ఎవరో దానిమ్మ రసం తాగితే రక్తం పడుతుందన్నారు. పక్క ఊరు పాల్మాకుల నుంచి వచ్చే ఒకాయన బస్టాండు దగ్గర దానిమ్మకాయల బండి పెట్టేవాడు. గింజలు మిక్సీలో వేయకుండా గుడ్డలో కట్టి చేత్తో పిండేవాడు. "గింజ నలగొద్దు సారూ. నలిగితే వగరొస్తది. మెల్లగ పిండాలె, గంతే" అనేవాడు. సీసా నిండాలంటే కాయలు చాలా పట్టేవి. మొదటి రోజు ధర విని నేను నసిగితే, "ఏంది సారూ, గింతకే పరేషానైతున్నరు? దవాఖానల రక్తం సీసా ఎంతకిస్తరో జర అడిగి రాండ్రి" అన్నాడు. డబ్బు తీసిచ్చి కొన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ బేరమాడలేదు. ఆ ఖరీదు నా మనసుకి హాయిగా ఉండేది.

రోజూ సాయంత్రం ఆ సీసాతో వెళ్లేవాణ్ని. రంగు చూసి అన్నయ్య, "ఎర్రగా ఉన్నదల్లా రక్తమైతే, ఆ కుంకుమ భరిణె కూడా ఇందులో కలిపెయ్యరా" అనేవాడు. గ్లాసులో చుక్క పోసుకుని పెదవులకి ఆనించి, "ఇవాళ తియ్యగా ఉందిరోయ్. తర్వాత తాగుతాలే" అని సీసా కిటికీలో పెట్టేవాడు. నేను చెప్పులు కూడా విప్పేవాణ్ని కాదు. కూర్చుంటే ఆస్పత్రి మాట వస్తుందని భయం.

ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే, కింది వాటాలో ఉండే ఇంటివాళ్ల కోడలు ఎదురొచ్చింది. నెలలు నిండుతున్న మనిషి, చేయి నడుముకి ఆనించుకుని నిలబడింది. "అన్నా, మీ పుణ్యమే" అంది నవ్వుతూ. "నాకు రక్తం తక్కువున్నదని డాక్టరమ్మ మస్తు తిట్టింది. మీరు తెచ్చే రసం వదినమ్మ రోజు నాకే ఇస్తది. మొన్న చూసి, మంచిగ పెరిగింది, ఏం తాగుతున్నవమ్మా అన్నది." సీసా వంక ఆశగా చూసి, "గిది గూడ నాకేనా?" అని అడిగింది. అక్కడే ఇచ్చేశాను.

అన్నయ్య నిద్రపోతున్నాడు. వంటింట్లోకి వెళ్లి వదినని అడిగాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"పళ్లరసాలేవీ పడవన్నారు అబ్బాయ్. దానిమ్మ అసలు ముట్టుకోవద్దన్నారు. అందులో పొటాషియం ఎక్కువట, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేక గుండె ఆగిపోతుందట. మంచినీళ్లే కొలిచి తాగుతున్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి రోజే చెప్పబోయాను. మీ అన్నయ్య వద్దన్నారు." పొయ్యి మంట తగ్గించింది. "'వాడు ఇవ్వలేనిదాని బదులు ఇది తెస్తున్నాడే. ఇదీ వద్దంటే ఇక ఈ గుమ్మం తొక్కలేడు. తెచ్చుకోనీ' అన్నారు."

ఆస్పత్రికి ఒక్కసారి వాళ్లతో వెళ్లి ఉంటే ఈ సంగతి మొదటి రోజే తెలిసేది. ఆమె ఆ మాట అనలేదు. అన్నం తిని వెళ్లమంది.

ఆ రాత్రి తప్పకుండా పరీక్ష చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకోవడంలో నాకెప్పుడూ లోటు లేదు. శ్రావణం పోనీ అనుకున్నాను, తర్వాత పిల్లల పరీక్షలు అయిపోనీ అనుకున్నాను. మధ్యలో కింది వాటా కోడలికి ఆడపిల్ల పుట్టింది. అన్నయ్య ఆ పిల్లని ఒళ్లో పెట్టుకుని, "దీని బుగ్గలు చూడరా, నీ డబ్బులెక్కడికీ పోలేదు" అన్నాడు. అందులో దెప్పు లేదు. ఉంటే బాగుండేది. ఆ చలికాలంలో ఒక తెల్లవారుజామున, ఆస్పత్రికి బయల్దేరబోతూ మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు; మళ్లీ లేవలేదు.

నా కిడ్నీ అతనికి సరిపోయేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం ఒక ఊరట అని మొదట్లో అనుకున్నాను. అదే శిక్ష అని తర్వాత తెలిసింది. అన్నయ్య నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. అడగకుండా నాకు గడువిచ్చాడు. ఆ గడువంతా అతని ఆయుష్షులోంచే తీసి ఇచ్చాడని నాకు అర్థమయ్యేసరికి, అది అయిపోయింది.