బంగారుతీగ గొంతులో పళ్లు

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో, అలసట అంటే నిద్ర చాలకపోవడమే అనుకునేవాణ్ణి. నిద్రపోయి లేచినా తీరని రకం ఒకటుందని అప్పుడు తెలియదు. నా ప్రాజెక్టు బంగారుతీగ చేప గొంతు దవడల మీద. ఆ చేపకు నోట్లో ఒక్క పన్నూ ఉండదు, ఉన్నవన్నీ గొంతులోనే. ఒకప్పుడు మొప్పలను మోసిన ఎముకల్లో చివరి జత, తరతరాలుగా మారుతూ వచ్చి లోపలి దవడ అయింది. నోటికి పీల్చుకునే పని, గొంతుకు నమిలే పని. ఆ పళ్లు చూడటానికి ఇంచుమించు మన దవడ పళ్లలాగే ఉంటాయి. (నా కొంప ముంచింది ఇదే.)

దవడ బయటికి తీయాలంటే తలకాయ ఉడకబెట్టాలి. మా నాన్న గుడిలో అర్చకులు, మా ఇంట్లో ఉల్లిపాయకే చోటు లేదు. అందుకని పురానాపూల్‌లో మా వెనక గల్లీ ఆంటీని బతిమాలాను.

"తలకాయలు ఉత్తగ ఉడకబెట్టి పారేస్తవా బిడ్డా? పులుసు వెడ్త, బొక్కలు నువ్వు తీస్కపో" అంది ఆమె. నాకు ఎముకలు దక్కితే చాలు, సరేనన్నాను.

ఆదివారం ఆంటీ, అంకుల్ తింటుంటే గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను, ముక్కు మూసుకుని. "అంకుల్, గొంతు బొక్క నమలొద్దు, గిన్నెల వెయ్యుండ్రి."

"తిననిస్తవా లేదా?" అన్నాడు అంకుల్. కాసేపటికి ఏదో పటుక్కుమంది. ఆయన నోట్లోదంతా గిన్నెలో వేసి, చెంప పట్టుకుని లేచిపోయాడు.

మర్నాడు మా గైడు మేడం పట్టకారుతో ఒక పన్ను ఎత్తి, "చేప పన్ను ఎముకకు అతుక్కుని ఉంటుంది కదా, దీనికి వేర్లున్నాయేంటి?" అంది. రాత్రంతా ఎముకలు కడిగిన బుర్ర నాది. పరిణామంలో అదొక కొత్త మెట్టని, చిగురుస్తున్న వేర్లని, గట్టి నత్తలను నమలడం కోసం వచ్చి ఉంటాయని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె ఓపికగా అంతా విని, పన్నును తిరగేసింది. "బాగుంది. మరి వెండి ఫిల్లింగు ఎప్పుడొచ్చింది?"

సాయంత్రం దూదిలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చాను. "గది నాదే. ఎట్లైనా ఊగుతుండె" అన్నాడు అంకుల్. "చేపకు పన్నూడితే మల్ల మొలుస్తదా?"

"బతికినన్ని రోజులు మొలుస్తనే ఉంటయి అంకుల్."

"చేపే నయం" అని నిట్టూర్చి, "నువ్వు పాసైతవా లేదా, గది జెప్పు" అన్నాడు.

పాసయ్యాను. ఇప్పుడు అదే పాఠం నేను చెబుతున్నాను, భోజనాల తర్వాత క్లాసులో, సగం మంది కునుకు తీస్తుండగా. ఒక్కోసారి ఒకప్పటి నేను, మేడం ముందు నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు తప్పును చెప్పినంత ధీమాగా, నేను ఒప్పును కూడా చెప్పలేకపోతున్నాను.