ఫలితాల డాక్టరు

మా అక్కకు రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరి మూలకణాలూ సరిపోలేదు. ఆ కణాలు పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటాయట; పెద్దవాళ్లకు ఒక్క బిడ్డది చాలదని, ముక్కూమొహం తెలియని ఇద్దరు పసిబిడ్డలది ఎక్కించారు. హైదరాబాదులో ఆ వైద్యం చేసిన డాక్టరు గొప్పవాడే, అక్కను బతికించాడు. కానీ ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. అక్క ఎదురుగానే కూర్చున్నా నావైపు చూసి, "మన ఫలితం ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"నోరంత పుండ్లే సారు, బువ్వ మింగుడు పడ్తలేదు," అనేది అక్క.

"ప్రాణం ఉందిగా. మంచి ఫలితం," అని రాసుకునేవాడు.

కిందటేడు జహీరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో ఆయన తన పరిశోధన గురించి సభ పెట్టాడు. తెరమీద గీతలు చూపించి, అక్కను వేదికెక్కించి, "ఇదే మా ఫలితం," అన్నాడు. అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టాడు.

అక్క మైకు తీసుకుంది. "నాతోని వార్డుల ఇంకిద్దరికి గిట్లనే ఎక్కించిన్రు గద సారు. వాళ్లు బతకలే. వాళ్ల పేర్లు జర చెప్పున్రి."

ఆయన ల్యాప్‌టాప్‌లో వెతికాడు. అందులో నంబర్లే ఉన్నాయి.

"రోగుల పేర్లు గోప్యమమ్మా."

"గోప్యమా సారు, యాదికి లేవా?"

ఆయన మంచినీళ్లు తాగాడు. అక్క, "కోహీర్ లక్ష్మయ్య, న్యాల్‌కల్ సుశీల," అని ఊళ్లతో సహా ఇద్దరి పేర్లూ మైకులో చెప్పి, మెల్లగా మెట్లు దిగి నా పక్కన కూర్చుంది.

డాక్టరు గడియారం చూసుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించాడు.