సాయిలతకు ఓటెయ్యని శాంతవ్వ

మా శాంతవ్వ నోటికి జడిసి వాడకట్టులో కుక్కలు కూడా పక్క సందులోంచి పోతాయి. ఎల్లారెడ్డి దగ్గరి మా ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంటికొకరు ఉంటారు గానీ, ఆమె వేళ్ల వడి ఇంకెవరికీ లేదు. తిడుతూనే ఉంటుంది, చేటలో బీడీలు నిండుతూనే ఉంటాయి. మొగుడు పోయాక ఆ వేళ్లతోనే ఇద్దరు ఆడపిల్లలను చదివించింది.

సర్పంచి ఎన్నికల్లో పక్కింటి సాయిలత నిలబడింది. ఓటడగడానికి వచ్చిన వాళ్లందరికీ మేం "మా ఓటు నీకే" అని తలలూపాం. రెండు పార్టీల వాళ్లకూ ఊపాం, అబద్ధమెందుకు! శాంతవ్వ మాత్రం బొట్టు పెట్టబోయిన సాయిలత చేతిని పట్టుకుని ఆపింది.

"నీకు ఎయ్య బిడ్డా. నీ ఇంటి మోరి నీళ్లు నా వాకిట్లకొస్తున్నయని ఎన్నిసార్లు మొత్తుకున్న? ఒక్క ఇంటి మోరి సక్కజెయ్యనిదానివి ఊరి మోర్లేం జేస్తవ్?"

మురుగుకాలువ మాటెత్తగానే సాయిలత మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సాయిలతే గెలిచింది. సాయంత్రం డప్పులు, గులాలు, పటాకులు. ఈ పటాకుల పిచ్చి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఊరిని గెలిచారా, లంకను కాల్చడానికి వచ్చారా? ఊరేగింపు శాంతవ్వ ఇంటి ముందు కావాలనే ఆగింది. "శాంతవ్వకు జర గట్టిగ ఇనిపియ్యండ్రా!" అంటూ ఒకడు సీసాలో రాకెట్ పెట్టి అంటించాడు. సీసా ఒరిగింది. రాకెట్ నేలబారున దూసుకెళ్లి సాయిలత కుచ్చిళ్లలో దూరింది. నైలాన్ చీర భగ్గుమంది.

అంతమంది మగవాళ్లు! ఒకడు అరుస్తాడు, ఒకడు నీళ్లంటాడు, ఇంకొకడి ఫోను వీడియో తీస్తూనే ఉంది. అరుగు మీద శాంతవ్వ, తునికాకు మెత్తబడాలని తడి గోనెసంచిలో చుట్టి పెట్టుకుంది. ఆకంతా దులిపి పారేసి ఆ సంచితో ఉరికింది. సాయిలతను కింద పడేసి చుట్టేసింది. సంచి అందని చోట మంటను ఉత్త చేతులతో అదిమింది.

"ఓటెయ్యకుంటే ఏంది, కాలుతుంటే సూస్తననుకున్నవా పిల్లా!"

సాయిలత కాళ్లకు బొబ్బలతో బయటపడింది. కరిగిన చీర శాంతవ్వ కుడిచేతికి అంటుకుపోయింది. కామారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు కట్టుకట్టి, గాయం మానుతుంది గానీ వేళ్లు మునుపటిలా వంగుతాయని చెప్పలేనన్నాడు. ఆ వేళ్లే కదా ఆమె బతుకు!

ఆమె మాత్రం, "పానం పోతే తెస్తమా? ఏలు వంగకపోతే వంగబెడత" అంది. అబ్బ, ఏం గుండె ఆమెది!

శాంతవ్వ ఇంటికొచ్చాక సర్పంచి సాయిలత రోజూ ఆ అరుగు మీదికి వచ్చి కూర్చునేది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన పనే, ఆకు కత్తిరించి శాంతవ్వ కోసం బీడీలు చుట్టేది. శాంతవ్వ ఎడమచేత్తో ఒక్కోటి ఏరి పక్కన పడేసేది.

"గిది బీడీనా, కట్టెనా? గిసొంటివి కంపినోళ్లు తీస్కుంటరా?"

"మల్ల నిలబడితే గప్పుడన్న ఓటేస్తవా పెద్దమ్మా?"

"మోరి సక్కజేసినవా?"

"మంజూరు రాలే ఇంక."

"మరి ఓటెట్ల వస్తది?"

మొన్న కట్టు విప్పారు. శాంతవ్వ ఒక ఆకు తీసుకుని, చేటలోని పొగాకు చిటికెడు వేసింది. బొటనవేలు వంగింది, చూపుడువేలు సగంలో ఆగింది. పళ్లు కరుచుకుని చుట్టింది, బీడీ మూతి మడిచింది, దారం కట్టింది. వంకరదే, అయినా బీడీయే. సాయిలత చేట మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చింది.

శాంతవ్వ చేటను చటుక్కున తన వైపు లాక్కుంది.

"అవుతల కూసొని ఏడ్వే, తంబాకు తడుస్తది."