భాయ్ దించిన గోనె తెర

1. ఉదయం ఏడు గంటలకు మా సందు మొదట్లోని భాయ్ కోళ్ళ దుకాణం తెరవలేదు.

2. ఏడుంబావుకు భాయ్ అల్లుడు ఫోన్ చేసి, రాత్రి నిద్రలోనే మామగారు పోయారని చెప్పాడు.

3. ఏడున్నరకు అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

4.

నాలుగో అంకె వేసి ఆగిపోయాను. చొక్కా తొడుక్కుని ఆ ఇంటికి బయలుదేరాను అని రాయాలి. కాని గుండీలు పెట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే అంకెలు పనికిరావు.

పాతవూరిలో మా సందువారందరికీ ఆయన భాయ్. దుకాణం ముందు కోళ్ళ గూడు, లోపల కొయ్యమొద్దు, రెండింటికీ నడుమ ఒక గోనె తెర. కత్తి పట్టుకునే ముందు తెర దించేవారు. గూట్లోని కోళ్ళ కంట పడకూడదన్నది ఆయన నియమం.

"సూసిందంటే బెదిరిపోతాది బాబూ. బెదిరిన జీవి ఏటి సేత్తాదో దానికే తెలీదు" అనేవారు.

కార్తీకంలో ఆ తెరకు ఇంకొక పని ఉండేది. మాల వేసుకున్న స్వాములు తెల్లవారుజామున శరణు చెప్పుకుంటూ సందులోకి వచ్చేవారు. ఆ గొంతులు మలుపు తిరగగానే తెర దిగేది. వారి కంట కొయ్యమొద్దు పడేది కాదు. ఆయనను అలా చేయమని ఎవరూ అడగలేదు. ఏ ఇంట్లో శనివారం నీచు ముట్టరో, ఏ ఇంట్లో బాలింత ఉందో ఆయనకు తెలుసు. బాలింత ఉన్న ఇంటికి కార్జం విడిగా పొట్లం కట్టి పంపేవారు.

నేను రేవులో సరుకు లెక్క రాసే గుమాస్తాను. పదో తరగతిలో ఆగిన చదువును పాత పుస్తకాల అంగళ్ళ దయతో కొనసాగించుకున్నాను. కుళాయి పక్కనున్న బోర్డు మీద సందుకు కావలసిన కబుర్లన్నీ నేనే రాసేవాణ్ణి: నీళ్ళు వచ్చే వేళ, కరెంటు పోయే వేళ, పోలియో చుక్కలు. ప్రతి నోటీసు కింద గంట, నిమిషం వేసి నా పూర్తి పేరు సంతకం చేసేవాణ్ణి. అది బాధ్యత అనుకునేవాణ్ణి.

కొత్త వైరస్ కబురు మొదట ఫోనుల్లోకి వచ్చింది. ఓడల మీద వస్తుందన్నారు. కొన్నాళ్ళు రేవు నుంచి ఇంటికి వచ్చే నన్ను చూసి జనం పక్కకు తప్పుకున్నారు. తర్వాత కోళ్ళ వల్ల వస్తుందన్నారు. భాయ్ గూడు నిండుగానే ఉండిపోయింది. ఇంకొన్నాళ్ళకు వేరే వీడియోలు వచ్చాయి. కోళ్ళ మీది అనుమానం కోళ్ళు అమ్మే మనుషుల మీదికి, వాళ్ళ మతం మీదికి మళ్ళింది. నన్ను తప్పుకుని నడిచినవారే ఇప్పుడు నా దగ్గరకు వచ్చి, జాగ్రత్తలన్నీ వరుసగా రాసి పెట్టమన్నారు. నన్ను వదిలి ఇంకొకరిని పట్టుకున్నందుకు నాకు లోలోపల ఊరట కలిగింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

చేతులు కడుక్కొనవలెను. గుంపుగా నిలబడరాదు. ఆ వరుసలోనే, అంతే గుండ్రటి అక్షరాలతో, భాయ్ దుకాణమునకు పోరాదు అని రాశాను. గంట వేశాను. సంతకం చేశాను.

సాయంత్రం భాయ్ వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. తెలుగు కూడబలుక్కుని చదివేవారు. చివరి దాకా చదివారు.

"అచ్చేసినట్టుంటాది బాబూ మీ రాత" అన్నారు. నా వైపు తిరిగి, "ఎత్తేసినప్పుడు కూడా రాత్తారు కదా?" అని అడిగారు.

రాస్తానన్నాను.

మర్నాటి నుంచి తెర పగలంతా దిగే ఉంది. వారం తిరక్కుండా మా అమ్మ ముఖానికి చీరకొంగు చుట్టుకుని దుకాణం ముందు నిలబడింది. నేను మేడ మీది కిటికీ నుంచి వింటున్నాను.

"ఏటి భాయ్, పొద్దుగాలే తెరేసీసేవు? కోళ్ళకేటి, పెళ్ళిసూపులా?"

"కోళ్ళకి కాదప్పా, అటెళ్ళేవోళ్ళకి. ఇటు సూడకుండా మొహాలు తిప్పుకుని మెడలు నొప్పెట్టించుకుంతన్నారు."

"నాకు కార్జం కావాల. తియ్యి."

"వద్దని మీ అబ్బాయే రాసీసేడు కదప్పా."

"ఆడు రాత్తే రాసేడు. నాకు సదువొచ్చేటి?"

ఇద్దరూ నవ్వారు. నేను కిటికీ నుంచి వెనక్కి జరిగాను.

రోజులు మారాయి. జనం ఒక్కొక్కరుగా దుకాణానికి తిరిగి వెళ్ళారు, ఏమీ జరగనట్టే. కాగితం వానకు తడిసి, ఎండకు వెలిసి ఊడిపోయింది. నేను మాత్రం ఎత్తివేత రాయలేదు. రాస్తే, మొదటిది రాసింది నేనేనని సందుకు మళ్ళీ గుర్తు చేసినట్టవుతుందని భయపడ్డాను. ఆ తర్వాత ఏ నోటీసుకూ గంట వేయలేదు, సంతకమూ చేయలేదు. ఒకసారి దుకాణం దగ్గర క్షమాపణ మొదలుపెట్టబోయాను. ఆయన పొట్లం కడుతూ, "బెదిరిన జీవి బాబూ..." అని సగంలో ఆపి, చిల్లర చేతిలో పెట్టారు. బోర్డు వైపు మాత్రం ఒక్కసారి చూశారు.

చివరికి గుమ్మం దిగి వెళ్ళాను. జనాజా పాడె సందులోకి వచ్చినప్పుడు గోడవార ఒదిగి నిలబడ్డాను. ఆయన అల్లుడు నన్ను చూసి, "రండన్నా, ఒక భుజమెయ్యండి" అన్నాడు. బోర్డు దగ్గర నుంచి మలుపు దాకా మోశాను. ఆయన అంత తేలికగా ఉంటారనుకోలేదు.

ఇంటికి వచ్చి కాగితం తీశాను. భాయ్ దుకాణం గురించి నేను రాసినది తప్పు, దానిని ఎత్తివేస్తున్నాను అని రాసి బోర్డుకు అంటించాను. గంట వేయబోతే చేయి ఆగింది. ఇంత ఆలస్యానికి ఏ గంట వేయను? పేరు కూడా రాయలేదు. ఆ చేతిరాత ఎవరిదో సందులో అందరికీ తెలుసు.

ఇది కార్తీకమాసం. ఈ తెల్లవారుజామున స్వాములు శరణు చెప్పుకుంటూ మలుపు తిరిగారు. దుకాణం దగ్గరకు రాగానే వారి అడుగులు అలవాటుగా నెమ్మదించాయి. మూసి ఉన్న కటకటాల వెనక తెర ఆయన చుట్టి కట్టినట్టే పైన ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డారు, అది దిగుతుందేమోనన్నట్టు.