నాగమణి నొసటి ఎర్రరాయి

జములమ్మ మెడలో పుస్తెల పక్కన ఆమె సవతి ఉండేది. వెండి బిళ్ల మీద చిన్న ఆడబొమ్మ, నొసట ఎర్రరాయి, రెండు చేతుల దగ్గర పచ్చరాళ్లు. చనిపోయిన మొదటి భార్యను రెండో భార్య ఇలా మెడలో కట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. ముత్తయిదువగా పోయింది కాబట్టి ఎరుపు ఆమె బొట్టు, పచ్చ ఆమె గాజులు. పండగనాడు ముందు బిళ్లకు పసుపు పెట్టి, ఆ తర్వాతే జములమ్మ తాను పెట్టుకోవాలి.

ఆమె భర్త బుచ్చన్నది గద్వాలలో నేతపని. చనిపోయిన భార్య పేరు నాగమణి. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. ఆ కరువులోనే జములమ్మకు కొడుకు పుట్టాడు. మగ్గం దగ్గర మిగిలిన ఎర్రపట్టు పోగులు పేని బుచ్చన్న వాడికి మొలతాడు కట్టాడు.

దసరా ముందు జములమ్మ పొరపాటు చేసింది. పసుపూ నూనే పట్టి నల్లబడిన బిళ్లను కుంకుడు రసంలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఒట్టి వెండి అయితే తెల్లబడేది. కానీ ఆ రాళ్లను పట్టి ఉంచేది లక్క. అది కరిగి ఎర్రరాయి గిన్నె అడుక్కు జారింది. తీసి చూస్తే రాయిలో ఎరుపు లేదు, నీటిచుక్కలా ఉంది.

ఆ సాయంత్రమే పిల్లవాడికి జ్వరం తగిలింది.

"దాని బొట్టు తుడిస్తివి గదనే. ఊకుంటదా అది?" అంది అత్త మల్లమ్మ. "రాయి మళ్ల నొసటికెక్కేదాంక పోరడు తేరుకోడు."

రాళ్లు పొదిగే బాలకిష్టయ్య పనిముట్లు పూజలో ఉన్నాయి. పండగ వెళ్లేదాకా వాటిని ముట్టడు. జములమ్మ ఆగింది. జ్వరం ఆగలేదు. పనిముట్లు పీట దిగిన పొద్దున పిల్లవాణ్ణి చంకనేసుకుని, దవాఖాన ముందునుంచే నడిచి అతని ఇంటికి వెళ్లింది.

బాలకిష్టయ్య బిళ్లను అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "ఏంది బిడ్డా, సవతిని ఉడకబెట్టినవా?"

పిల్లవాణ్ణి చూశాక నవ్వు పోయింది. "ఒళ్లు కాలిపోతుంది గదా! గీ రాయి యాడికి పోతది? ముందుగాల దవాఖానకు పో."

"రాయి పెట్టు తాతా. పెట్టినంక పోత. ఆమె కోపం మీదుంటే మందు ఏం జేస్తది?"

"గిది గాజు బిడ్డా. ఎరుపు రాయిది గాదు, కింద పెట్టే రంగురేకుది. దాన్నే పాడు జేస్తివి. లడాయి మొదలైనకాంచి రేకు పట్నంల గూడ దొరుకుతలేదు. గిట్లనే తెల్లగ పెట్టమంటవా?"

"తెల్ల నొసలా? ముత్తయిదువకా?" అంది జములమ్మ. "ఇంకింత కోపం చేయదా?"

చుట్టూ చూసింది. చివరికి ఆమె చూపు ఒళ్లోని పిల్లవాడి నడుము మీద నిలిచింది. మొలతాడులోంచి ఒక పోగు పంటితో తెంపి ఇచ్చింది. "గిది పెట్టు."

బాలకిష్టయ్య పోగు అందుకున్నాడు. లక్క వేడిచేసి బిళ్ల గుంటలో నింపాడు. అది కాస్త గట్టిపడ్డాక పట్టుపోగును చుట్టగా అమర్చి, పైన రాయి పెట్టి, వెండి అంచు దగ్గరికి నొక్కాడు. తొందరపెడితే కుదిరే పని కాదు. మూలుగుతున్న పిల్లవాడు మధ్యలో ఎప్పుడో ఊరుకున్నాడు.

రాయి ఎర్రగా వెలిగింది. మునుపటికంటే ముదురు రంగు.

"చూసినవా తాతా! నొసట ఎక్కిందో లేదో పోరడు సల్లబడ్డడు."

బాలకిష్టయ్య చేయి చాచి పిల్లవాడి ఛాతీ మీద పెట్టాడు. ఆ చేయి వెంటనే తీయలేదు.

మొలతాడుతోనే పిల్లవాణ్ణి పూడ్చారు.

"గది నాగమణి ఎరుపు గాదు. అందుకే శాంతించలే," అంది మల్లమ్మ. "తీసి కృష్ణల పారెయ్."

"నాగమణిది గాదత్తా. నా కొడుకుది," అంది జములమ్మ. తీయలేదు.

ఆ తర్వాత ఏ పండక్కీ ఆ బిళ్లకు పసుపు పెట్టలేదు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా మాత్రం దాన్ని వీపు వైపుకు తిప్పుకునేది.