అల్పాహారం కోసం రద్దయిన అగ్నిపర్వతం

మా అపార్టుమెంటులో ఈ విషయాన్ని ఇప్పటికే తలా ఒక రకంగా చెప్పుకొంటున్నారు. ఒకరి కథనంలో నేను మొండివాణ్ణి, మరొకరి కథనంలో వంటావిడ పొగరుబోతు. రెండూ అబద్ధాలే. కనుక జరిగినది జరిగినట్లు వ్రాసిపెట్టడం నా బాధ్యత.

నేను ముప్పై నాలుగేళ్లు భూగోళశాస్త్రం బోధించాను. అగ్నిపర్వతం అడ్డుకోత పటాన్ని నల్లబల్లపై ఏటా గీశాను. లావాకు ఎర్ర సుద్ద, బూడిదకు తెల్ల సుద్ద. కాని బిలం అంచున నిలబడి లోపలికి చూసినవాణ్ణి కాను. నేను చూడనిదాన్ని పిల్లలకు చూసినట్లే చెప్పాను. డెబ్బై ఒకటవ ఏట, మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే ఆ లోటు తీర్చుకోవాలని నా కోరిక.

నాచారంలోని మా అపార్టుమెంటు నుంచి నాలుగు జంటలం బాలి ద్వీపానికి వెళ్లాలని నిశ్చయించుకున్నాం. కార్యక్రమ రచన నాకు అప్పగించారు. నాలుగు రోజులు సముద్రతీరంలో విశ్రాంతి, రెండు రోజులు సాహసం, ఒక రోజు కొనుగోళ్లు అని గడులు గీసి సిద్ధం చేశాను. సాహసాలలో మొదటిది అగ్నిపర్వతం. ఉప్పల్‌లోని ట్రావెల్స్ యజమాని దాన్ని చూసి, "మస్తు ప్లాన్ జేసిన్రు సార్! సగం గుట్ట దాంక జీపు పోతది. ఆడికెల్లి గంట నడకనే. జర పొద్దుగాల బయల్దేరాలె, గంతే" అన్నాడు.

మావాళ్లకొక ఆచారం ఉంది. దేశం దాటినా వంటమనిషి, బియ్యం, ఆవకాయ, కుక్కర్లు వెంట ఉండవలసిందే. పీర్జాదిగూడలో ఉంటూ పెళ్లిళ్లకు వండే ఒక ఆవిడను అందుకు కుదుర్చుకున్నాం.

గత ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని చివరి సమావేశం జరిపాం. నేను కార్యక్రమం చదువుతుండగా పై అంతస్తు విశ్రాంత బ్యాంకు అధికారి అడ్డుతగిలాడు.

"అంతా బాగుంది మాస్టారూ. కొండ రోజున టిఫిన్ ఎన్నింటికి?"

"అయిదింటికి బయలుదేరుతాం. తిరిగివచ్చాక, పదకొండు గంటలకు."

"పదకొండా! నా షుగరు మాత్ర ఏడున్నరకండీ. కడుపులో ఉప్మా పడందే మాత్ర పడదు."

"మాకు ఇడ్లీ అయినా పర్లేదు లెండి" అన్నది ఆయన భార్య. అందరూ నవ్వారు.

"ఆ పూట హాయిగా స్విమ్మింగ్ పూల్ పక్కన పడుకుందాం. పొగ చూడాలంటే మన నాచారం ఫ్యాక్టరీలు లేవూ?" అన్నాడాయన.

కొండ వద్దన్నవారిని చేతులెత్తమన్నారు. నేనూ నా భార్యా తప్ప ఆరుగురూ ఎత్తారు. అగ్నిపర్వతం రద్దయింది.

ఉప్మా కోసం! భూగర్భంలోని నిప్పు పైకి పొంగి ఒక ద్వీపాన్ని నిలబెట్టింది. సముద్రాలు దాటి అక్కడికి వెళ్లి, ఆ నిప్పు ముఖం చూడకుండా తిరిగిరావడానికి బొంబాయి రవ్వ కారణమట! నా గొంతు పెరిగింది. "ఆ తీరాల్లో నల్ల ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు మీరు?" అన్నాను.

"ఇది క్లాసు కాదు మాస్టారూ" అన్నాడు బ్యాంకు అధికారి.

సరుకుల జాబితా కోసం వచ్చి లిఫ్టు పక్కన మెట్టు మీద కూర్చున్న వంటావిడ అప్పుడు నోరు విప్పింది.

"నేనొక మాట జెప్పాల్నా సారూ? ముందునాడు మాపటికే పులిహోర కలిపి డబ్బాలల్ల పెడ్త. జీపుల తినుండ్రి, మాత్ర ఏస్కోండ్రి. గీ ముచ్చట నన్నడిగితే అప్పుడే అయిపోతుండె గద."

"నీకెందుకమ్మా శ్రమ?" అన్నాడు బ్యాంకు అధికారి.

"శ్రమేంది? నేన్గూడ వస్త. ఇరవై ఏండ్లసంది పొయ్యి ముందల నిలవడుతున్న. అదెంత పెద్ద పొయ్యో నేను జూడొద్దా?"

నా భార్య ఫక్కున నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చేతిలోని కాగితం చూసుకున్నాను. జీపులో ఎనిమిది సీట్లు వ్రాశాను. వంటావిడ ఎక్కడా ప్రయాణికురాలు కాదు. సామగ్రి గడిలో, కుక్కర్లకూ గరిటెలకూ నడుమ ఉంది. ఉప్మాను అగ్నిపర్వతం కన్న మిన్నగా ఎంచారని మండిపడుతున్న నేను ఒక మనిషిని సామాన్లలో కలిపాను. నన్ను అడిగిన ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు ఉంటుందని కూడా నాకు తోచలేదు. అక్కడే, అందరి ముందూ, ఆ పంక్తి కొట్టివేసి ఆవిడను మనుషుల వరుసలో వ్రాశాను.

తక్కినవారి మనసు మారిందనుకొంటే పొరపాటు. మాత్ర సమస్య తీరగానే, చల్లారిన పులిహోర పడదని కొత్త అభ్యంతరం లేచింది. అంటే అడ్డు మాత్రా కాదు, ఉప్మా కాదు, సోమరితనం. వాళ్లకు ఈత కొలనే దక్కుగాక. మర్నాడే ఉప్పల్ వెళ్లి జీపులో మూడు సీట్లు ఖాయం చేసివచ్చాను: నాకు, నా భార్యకు, ఆవిడకు.

వచ్చే నెలలో ప్రయాణం. ఆ ద్వీపం చూసివచ్చిన పాఠకులకు ఒక మనవి. నడక నిజంగా గంటేనా, అంచున ఎటువైపు నిలబడితే లోపల కనిపిస్తుంది, తెల్లవారుజామున చలి ఎంత, ఇవన్నీ నేను విన్నంత మేరకే నమ్మి ఉన్నాను, తప్పయితే దిద్దండి. ఆ సాయంత్రం సెల్లార్‌లో ఉన్నవారు కూడా నేనెవరి మాటనైనా వక్రంగా వ్రాశానేమో చెప్పండి, ముఖ్యంగా ఆవిడ మాటలను. మేము ముగ్గురం బయలుదేరే లోపు చెబితే మేలు.